ఇల్లు ఆఫీసుకు దగ్గరగానా, దారికి దగ్గరగానా?

హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగం వచ్చిందనగానే చాలామంది చేసే మొదటి పని, ఫోన్‌లో మ్యాపు తెరిచి ఆఫీసు ఎక్కడుందో చూసుకోవడం. దాని చుట్టూ మనసులోనే ఒక గీత గీసుకుని, జేబు ఒప్పుకున్నంత దగ్గరలో టూలెట్ బోర్డుల వేట మొదలుపెడతారు. మాదాపూర్ అద్దెలు చూసి కొండాపూర్‌కు, అక్కడివీ చూసి మియాపూర్‌కు, అదీ బరువనిపిస్తే బాచుపల్లికో తెల్లాపూర్‌కో జరుగుతూ పోతారు. ఎంత దూరం జరిగితే ఎంత మిగులుతుందన్నదే లెక్క. పైకి ఇందులో తప్పేమీ కనిపించదు. నగరాల ఆర్థికశాస్త్రం కూడా అరవై ఏళ్ల కిందట ఇదే లెక్కతో మొదలైంది. కానీ ఆ లెక్క రెండు సంగతులను అడగకుండానే ఒప్పేసుకుంటుంది: ఆఫీసు ఉన్నచోటే ఉంటుందని, ఆ ఇంట్లోంచి పనికి వెళ్లేది ఒక్కరేనని. ఇవాళ రెండూ నమ్మదగినవి కావు. ఊరు మారి ఇల్లు చూసుకునేవాళ్లు దాన్ని ఒక ఆఫీసుతో ముడిపెట్టేకంటే, నాలుగైదు ఉద్యోగాల దాకా తీసుకెళ్లగల దారితో ముడిపెట్టడం మేలని నా వాదన. దారి అంటే మెట్రో లైను కావచ్చు, ఎంఎంటీఎస్ పట్టాలు కావచ్చు, బస్సు తప్పిపోయినా ఇంకొకటి వస్తుందన్న నమ్మకం ఉన్న రోడ్డు కావచ్చు.

మన పెద్దల తరంలో సర్కారు కొలువుకో పెద్ద ఫ్యాక్టరీలో పనికో కుదిరినవాళ్లకు ఈ ప్రశ్నే ఎదురుకాలేదు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, బాలానగర్ ఐడీపీఎల్, విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి ఉక్కునగరం, కొత్తగూడెంలో సింగరేణి క్వార్టర్లు, ఎక్కడ చూసినా రైల్వే కాలనీలు: ఉద్యోగంతోపాటే ఇల్లు వచ్చేది, దాని పక్కనే బడి, ఆసుపత్రి ఉండేవి. ముప్పై ఏళ్ల సర్వీసుకు ముప్పై ఏళ్ల ఇల్లు. ఇబ్బందల్లా రిటైరై క్వార్టర్ ఖాళీ చేసిన రోజునే. ఈ ఏర్పాటు ఎంత పటిష్ఠంగా కనిపించినా ఫ్యాక్టరీ ఆయుష్షు మీదే నిలబడిందని ఐడీపీఎల్ ఖాయిలా పడి ఉత్పత్తి ఆగిపోయినప్పుడు తెలిసింది. అదే కాలంలో హౌసింగ్ బోర్డు కూకట్‌పల్లిలో కట్టిన కాలనీ కథ వేరు. కేపీహెచ్‌బీ ఏ ఒక్క ఫ్యాక్టరీకీ చెందింది కాదు. ముంబై హైవే మీద ఉండడం వల్ల సనత్‌నగర్, బాలానగర్, పటాన్‌చెరు పారిశ్రామికవాడలన్నిటికీ అది అందుబాటులో ఉండేది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ మొదలయ్యాక, సాఫ్ట్‌వేర్ ఊసే తెలియని రోజుల్లో కట్టిన ఆ కాలనీ చూస్తుండగానే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల నివాసమైంది. ఒక తరం ఫ్యాక్టరీలకు వెళ్లిన ఇళ్లలోంచే తర్వాతి తరం మాదాపూర్ వెళ్లింది. ఉద్యోగం రకమే మారిపోయినా అక్కడివాళ్లకు ఇల్లు మారాల్సిన పని పడలేదు.

దూరం, అద్దెల లెక్కకు శాస్త్రరూపం ఇచ్చినవాడు విలియం అలోన్సో. 1964లో వచ్చిన ఆయన పుస్తకంలో నగరానికి ఒక్కటే నడిబొడ్డు, పనులన్నీ అక్కడే. బయటికి పోయేకొద్దీ నేల ధర తగ్గుతుంది, ప్రయాణ ఖర్చు పెరుగుతుంది. ఎవరి స్తోమతను బట్టి వాళ్లు రెండూ సరితూగేచోట స్థిరపడతారు. ఎడ్విన్ మిల్స్, రిచర్డ్ మూత్ తర్వాత దీన్ని విస్తరించారు. మన ఇళ్లలో జరిగే లెక్క కూడా ఇదే. గంట దూరం అవతలికి పోతే అద్దెలో నెలకు 8,000 రూపాయలు మిగులుతాయనుకుందాం. రానూపోనూ రోజుకు రెండు గంటలు, నెలకు 22 రోజులు, మొత్తం 44 గంటలు. పెట్రోలుకో క్యాబుకో అదనంగా మూడు వేలు తీసేస్తే మిగిలేది ఐదు వేలు. అంటే గంటకు 114 రూపాయల కూలికి మన సాయంత్రాలను అమ్ముకుంటున్నామన్నమాట. అమ్ముకోవాలా వద్దా అన్నది ఎవరి సంపాదనను బట్టి వాళ్లిష్టం. నెలకు పాతికవేలు తెచ్చుకునేవాళ్లకు అది చిన్న మొత్తమేమీ కాదు. ఈ లెక్క చేయనివాళ్లకంటే చేసినవాళ్లు నయమే. అయితే హైదరాబాద్‌కు ఒక్క నడిబొడ్డు లేదు. ప్రభుత్వ కార్యాలయాలు, హోల్‌సేల్ వ్యాపారాలు పాత మధ్యభాగంలో ఉంటే, సాఫ్ట్‌వేర్ పడమటి అంచున ఉంది. ఫార్మా పటాన్‌చెరు, జీడిమెట్ల, జీనోమ్ వ్యాలీల్లో పరుచుకుంది. పోచారం, ఉప్పల్ వైపు కూడా ఐటీ క్యాంపస్‌లున్నాయి. ఇవాళ నానక్‌రామ్‌గూడలో ఉన్న ఉద్యోగం రెండేళ్లలో ఉప్పల్‌కు మారితే, అలోన్సో గ్రాఫు మీద మనం సరిగ్గా పెట్టుకున్న చుక్క కాస్తా తప్పుచోట మిగులుతుంది.

ప్రయాణ సమయం మనిషిని ఎంత బాధిస్తుందన్న దాని మీద పరిశోధనలు చాలానే జరిగాయి, అవి ఒక్క మాట మీద లేవు. ఏ కాలంలోనైనా మనుషులు రోజుకు సగటున గంటసేపే తిరగడానికి ఇష్టపడతారనీ, వాహనాల వేగం పెరిగితే మిగిలిన సమయంతో ఇంకా దూరం పోతారనీ చెజారే మార్కెట్టి 1994లో వాదించారు. డేనియల్ కానమన్ బృందం 2004లో టెక్సస్‌లో 909 మంది ఉద్యోగినుల దినచర్యను పరిశీలించినప్పుడు, పొద్దున ఆఫీసుకు వెళ్లే సమయమే అన్నిటికంటే అసంతృప్తికరమైనదిగా తేలింది. ఎక్కువ దూరం తిరిగేవాళ్లకు ఆ కష్టం జీతంలోనో అద్దెలోనో తిరిగి దక్కాలి కదా అన్న ప్రశ్నతో బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టట్జర్ జర్మనీ గణాంకాలను చూశారు. దక్కడం లేదని, దూరం పెరిగేకొద్దీ జీవితం పట్ల సంతృప్తి తగ్గుతోందని 2008లో చెప్పారు. ఇది బాగా ప్రచారం పొందిన ఫలితం. కానీ 2014లో మరో బృందం బ్రిటన్ గణాంకాలతో చూస్తే అలాంటి సంబంధం కనిపించలేదు. ఇంకో వింత: కాలిఫోర్నియాలో ఉద్యోగులను మీకు ఎంత ప్రయాణం ఇష్టమని అడిగితే సగటున 16 నిమిషాలన్నారు. సున్నా కోరుకున్నవాళ్లు చాలా తక్కువ. ఇంటికీ పనికీ మధ్య కాస్త ఎడం మనిషికి కావాలేమో. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, సగటు నిమిషాల మీద వాదించుకోవడం వల్ల పెద్దగా ఒరిగేది లేదనిపిస్తుంది. తేడా తెచ్చేవి ఆ నిమిషాలు ఏ రోజు ఎన్నవుతాయో తెలియకపోవడమూ, వాటిని ఇంట్లో ఎవరు మోస్తున్నారన్నదీ.

మొదటి దాన్ని చూద్దాం. ఇల్లు చూపించే బ్రోకరు ఆఫీసుకు 25 నిమిషాలేనంటాడు. అబద్ధం కాకపోవచ్చు, ఆదివారం పొద్దున వెళ్తే అంతే పడుతుంది. కానీ తొమ్మిదిన్నరకు లాగిన్ ఉన్నవాడు సగటు చూసుకుని బయల్దేరలేడు, చెడ్డరోజును దృష్టిలో పెట్టుకుని బయల్దేరాలి. పాతిక నుంచి డెబ్బై నిమిషాల మధ్య ఊగే ప్రయాణం అతని లెక్కలో డెబ్బై నిమిషాల ప్రయాణమే. ఐటీ కారిడార్‌లో గంట వాన కురిస్తే చాలు, బయో డైవర్సిటీ జంక్షన్ నుంచి ఐకియా దాకా బండ్లు కదలవు. 2023 జూలై వానలప్పుడు సైబరాబాద్ పోలీసులే ఐటీ కంపెనీలను ఉద్యోగులను విడతలవారీగా ఇళ్లకు పంపమని కోరాల్సి వచ్చింది. మెట్రో గొప్పతనం దాని వేగంలో లేదు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 29 కిలోమీటర్లకు అది దాదాపు గంట తీసుకుంటుంది. రోడ్డు ఖాళీగా ఉంటే బైకు అంతకంటే ముందే చేరుతుంది. కాకపోతే వాన పడినా, కింద ఊరేగింపు పోతున్నా మెట్రోకు అదే గంట. నలభై నిమిషాల నికరమైన ప్రయాణం, ఇరవై నుంచి అరవై మధ్య ఊగే ప్రయాణం కంటే మెరుగని నా అభిప్రాయం. ఇల్లు వెతికేవాళ్లు వానాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి ఆ ఇంటిదాకా వెళ్లి చూస్తే, వాస్తు చూపించుకోవడం కంటే ఎక్కువ సంగతులు తెలుస్తాయి.

ఇంట్లో ఎవరు మోస్తారన్నది ఇంతకంటే పెద్ద విషయం. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటి మీద రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలే వెచ్చిస్తున్నారు. దాదాపు ఐదు గంటల ఇంటిపని నెత్తి మీద ఉన్న మనిషికి దారిలో పోయే గంట, మగవాడి గంటతో సమానం కాదు. బ్రిటన్‌లో జెన్నిఫర్ రాబర్ట్స్ బృందం 2011లో ఈ తేడానే పట్టుకుంది: ప్రయాణం ఆడవాళ్ల మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీస్తున్నట్టు, మగవాళ్ల మీద ఆ ప్రభావం లేనట్టు తేలింది. ఫ్రాన్స్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ల రికార్డులు చూసిన మరో అధ్యయనం, దగ్గరి ఉద్యోగం కోసం ఆడవాళ్లు తక్కువ జీతానికి ఒప్పుకుంటున్నారనీ, స్త్రీ పురుషుల జీతాల తేడాలో చెప్పుకోదగ్గ భాగం దీనివల్లేననీ చెప్పింది. ఢిల్లీలో గిరిజా బోర్కర్ పరిశోధన ఇంకొంచెం చేదు నిజం చెబుతుంది. సురక్షితమైన దారి కోసం అమ్మాయిలు మంచి కాలేజీని వదులుకుని అంతకంటే తక్కువ స్థాయి కాలేజీలో చేరుతున్నారట. మన దగ్గర జరిగేదీ ఇంతే. భర్త ఆఫీసుకు దగ్గరగా గచ్చిబౌలిలో ఇల్లు తీసుకుంటారు. దిల్‌సుఖ్‌నగర్ స్కూల్లో భార్య టీచరు ఉద్యోగం అంతటితో సరి. ఆమె మానేసిందని అందరూ అనుకుంటారు గానీ, ఇల్లు ఎంచుకున్న రోజే ఆ ఉద్యోగం పోయింది. అదే కుటుంబం అమీర్‌పేట దగ్గరో తార్నాక దగ్గరో మెట్రోకు నడిచివెళ్లే దూరంలో ఉంటే, ఒకరు పడమటికి, ఒకరు తూర్పుకు వెళ్లవచ్చు. ఇద్దరికీ కొంచెం కొంచెం దూరం పెరుగుతుంది, కానీ ఇద్దరి జీతాలూ నిలబడతాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేకపోవడం కూడా ఈ లెక్కను మార్చింది. సిటీ బస్సు దారిలో ఇల్లుంటే తక్కువ జీతపు ఉద్యోగం కూడా గిట్టుబాటవుతుంది.

దారిని బట్టి ఇల్లు వెతుక్కోవడం నిజానికి మనవాళ్లకు కొత్తేం కాదు. వరంగల్ వైపునుంచి వచ్చినవాళ్లు ఉప్పల్, బోడుప్పల్‌లోనూ, నల్గొండ, ఖమ్మం వైపువాళ్లు ఎల్బీనగర్, వనస్థలిపురంలోనూ, కరీంనగర్ వాళ్లు అల్వాల్, తిరుమలగిరి చుట్టుపక్కలా, కోస్తా జిల్లాలవాళ్లు కూకట్‌పల్లి, మియాపూర్ వైపునా ఎక్కువగా కనిపిస్తారు. చుట్టాలు, కులంవాళ్లు, అలవాటైన మెస్సులు ఇందుకు కొంత కారణం. మిగతాది బస్సు. సంక్రాంతికో దసరాకో, ఊళ్లో అమ్మకు ఒంట్లో బాగాలేదన్న ఫోను వచ్చిన రాత్రో, నగరం మొత్తం దాటనక్కర్లేకుండా బస్సెక్కగలగాలి. తల్లిదండ్రులు బియ్యం బస్తాతో దిగేదీ అక్కడే. మియాపూర్ నుంచి బయల్దేరే ప్రైవేటు బస్సు కూకట్‌పల్లిలో ఆగుతూ వెళ్తుంది కాబట్టే కోస్తా వాళ్లు సగం ఊరు అవతలున్నా తమ జిల్లాకు దగ్గరగానే ఉన్నట్టు లెక్క. అలోన్సో లెక్క ఈ సొంతూరి ప్రయాణాన్ని పరిగణనలోకి తీసుకోలేదు. వలస వచ్చిన కుటుంబం మాత్రం తీసుకుంటుంది. మెట్రో చివరి స్టేషన్లు మియాపూర్, ఎల్బీనగర్, నాగోల్ ఈ ఊరిదారుల గుమ్మాల్లోనే పడ్డాయి. దానివల్ల సొంతూరికి దగ్గరుండడం, ఆఫీసుకు చేరగలగడం ఒకదానికొకటి అడ్డుపడే అవసరం కొంత తగ్గింది.

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటే బలమైనది: నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంటే దారితో పనేముంది? ట్రాఫిక్ లేదు, పెట్రోలు లేదు, మధ్యాహ్నం ఇంటికెళ్లి తినిరావచ్చు. ఒంటరిగా వచ్చినవాళ్లకు మొదటి ఆరునెలలు ఇదే సరైన మార్గం. మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లు బతుకుతున్నదే దీని మీద. నెలకింతని కట్టి, బ్యాగుతో వచ్చి బ్యాగుతో పోవచ్చు. ఊరు తెలియకుండా ఏడాది అద్దెకు సంతకం పెట్టడం కంటే ఇది వివేకం. కానీ దీన్ని శాశ్వత సూత్రం చేసుకుంటే రెండు చిక్కులున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో జీతం పెరిగే ముఖ్యమార్గం కంపెనీ మారడమే, మారిన ప్రతిసారీ ఇల్లు మారాలి. పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చాక అది కుదరదు. రెండోది, ఇంటికీ పనికీ మధ్య దూరం బొత్తిగా లేకపోతే ఆ ఖాళీలోకి పనే వచ్చి కూర్చుంటుంది. నగరంలో ప్రయాణం సున్నా అయిన ఉద్యోగి ఎవరంటే అపార్ట్‌మెంటు వాచ్‌మన్. లిఫ్టు పక్క గదిలో కుటుంబంతో సహా ఉంటాడు, అద్దె లేదు. అందుకే రాత్రి పన్నెండుకు వచ్చిన కారుకు గేటు తీసేదీ అతనే, తెల్లవారుజామున నీళ్ల మోటారు వేసేదీ అతనే. యజమాని ఇచ్చే ఇంట్లో ఉన్నవాడు ఉద్యోగం పోయిన రోజే ఇల్లూ పోగొట్టుకుంటాడు. పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చి కడుతున్న భవనంలోనే కాపురముండే కూలీలదీ ఇదే స్థితి. దగ్గరితనం ఎప్పుడూ ఉచితంగా రాదని వాళ్లను చూస్తే తెలుస్తుంది.

రెండో అభ్యంతరం చెప్పేది అద్దె మాటే నచ్చనివాళ్లు. ఊరు మారాక ఎలాగూ స్థిరపడాలి, ఔటర్ రింగ్ రోడ్డు దాకా పోయి ఇప్పుడే కొనేస్తే పదేళ్లలో నగరమే మన దగ్గరికి వస్తుందంటారు. నగరం వస్తుంది, నిజమే. దారి కూడా దానితో వస్తుందన్న హామీ లేదు. హైదరాబాద్ మెట్రో ఒప్పందం 2010 సెప్టెంబరులో కుదిరితే మొదటి రైలు 2017 నవంబరులో నడిచింది. హైటెక్ సిటీకి 2019 మార్చిలో, రాయదుర్గానికి అదే ఏడాది నవంబరులో చేరింది. మొదటి దశలోనే ఉన్న ఎంజీబీఎస్–ఫలక్‌నుమా భాగం ఆ దశలో కట్టనేలేదు. రాయదుర్గం నుంచి కోకాపేట దాకా లైను రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. దాన్ని బ్రోషర్‌లో చూపి అమ్మే ఫ్లాటుకు ఇవాళే ఆ ధర చెల్లించడమంటే ఎప్పుడొస్తుందో తెలియని రైలుకు ముందే టికెట్ కొనడం. బెంగళూరు వెళ్లిన మన ఇంజనీర్లకు ఇది బాగా తెలుసు: వైట్‌ఫీల్డ్‌కు మెట్రో 2023లో, ఎలక్ట్రానిక్ సిటీకి 2025 ఆగస్టులో గానీ చేరలేదు. రోడ్లు వెడల్పు చేస్తే సరిపోతుందనుకుంటే, అమెరికా నగరాల లెక్కలతో జిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ 2011లో చూపించింది గుర్తుంచుకోవాలి: హైవే ఎంత పెరిగితే దాని మీద వాహనాల తిరుగుడూ దాదాపు అంతే పెరుగుతుంది. 158 కిలోమీటర్ల ఔటర్ అమోఘమైన రోడ్డే, కానీ దాని మీదినుంచి దిగిన చోట ఇరుక్కోవడం మామూలే. పైగా కొనడం ఖరీదైన కట్టుబాటు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు సాధారణంగా మరో 5 శాతం జీఎస్టీ. మన నగరాల్లో ఏడాది అద్దె ఇంటి విలువలో మూడు శాతం అటూఇటూగా ఉంటే, ఇంటి అప్పు వడ్డీ దానికి రెట్టింపు దాటుతుంది. అద్దె ఇల్లు మారడానికి రెండు నెలల అడ్వాన్సు, సామాను బండి ఖర్చు చాలు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు, ఏ దారి తమదో తెలిసేదాకా, అద్దె ఇచ్చే ఆ వెసులుబాటుకు విలువ కట్టాలి. సొంతిల్లు ఇచ్చే ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. ముసలి తల్లిదండ్రులను తెచ్చుకున్నవాళ్లకు ఏడాదికోసారి ఓనరు మొహం చూడాల్సిన పని లేకపోవడం పెద్ద ఊరట. కొంటే నడుస్తున్న లైను మీద కొనమనే అంటున్నాను, కాస్త చిన్న ఫ్లాటైనా సరే.

ఇంటినుంచే పని వచ్చాక ఈ చర్చే పాతబడిందన్నది మూడో మాట. 2020 తర్వాత రెండేళ్లు అలాగే కనిపించింది. భీమవరంలో, జగిత్యాలలో కూర్చుని అమెరికా ప్రాజెక్టులు చేశారు. తర్వాత పిలుపులు మొదలయ్యాయి. టీసీఎస్ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది. హైబ్రిడ్ పద్ధతి మంచిదనడానికి ఆధారాలు లేకపోలేదు: చైనాలో ట్రిప్‌.కామ్ సంస్థలో 1,612 మంది మీద జరిపిన ప్రయోగంలో వారానికి రెండు రోజులు ఇంటినుంచి పనిచేసినవాళ్లలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయని నికొలస్ బ్లూమ్ బృందం 2024లో ప్రకటించింది. ఆడవాళ్లలోనూ, దూరంనుంచి వచ్చేవాళ్లలోనూ ఆ తగ్గుదల మరీ స్పష్టంగా కనిపించింది. కానీ అది కంపెనీ ఇచ్చే సౌకర్యం, ఒక ఈమెయిల్‌తో పోతుంది. వారానికి రెండు రోజులే కదా అని అరవై కిలోమీటర్ల అవతల ఇల్లు కట్టుకున్నవాడికి ఆ ఈమెయిల్ వచ్చిన రోజున ఉద్యోగమో ఇల్లో వదులుకోక తప్పదు.

దారి ఉన్నా దూరం మరీ ఎక్కువైతే ఏం జరుగుతుందో ఆంధ్రప్రదేశ్ సచివాలయం అనుభవం చూపించింది. రాష్ట్ర విభజన చట్టం హైదరాబాద్‌ను పదేళ్లు ఉమ్మడి రాజధానిగా ఉంచినా, 2016లోనే ఉద్యోగులను అమరావతిలోని వెలగపూడికి రమ్మన్నారు. సుమారు 275 కిలోమీటర్లు. చాలామంది తాము వెళ్లారు గానీ కుటుంబాలను తీసుకెళ్లలేదు. భార్యకో భర్తకో తెలంగాణలో ఉద్యోగం, పిల్లల కాలేజీ, కట్టుకున్న ఇల్లు: ఇవేవీ ఒక జీవోతో కదిలేవి కావు. ప్రభుత్వం వారానికి ఐదు రోజుల పనిదినాలు ఇచ్చింది. విజయవాడ, సికింద్రాబాద్ మధ్య ఇంటర్‌సిటీ రైలు మొదలై తర్వాత లింగంపల్లిదాకా వెళ్లింది. తరలివచ్చినవాళ్ల పిల్లలకు స్థానికత దక్కేలా రాష్ట్రపతి ఉత్తర్వులను సవరించారు, గడువునూ పొడిగించారు. శుక్రవారం రాత్రి రైలెక్కి ఆదివారం తిరిగొచ్చే జీవితం ఏళ్లకేళ్లు సాగింది. ఇది నా వాదనకు అనుకూలమా, ప్రతికూలమా? రైలు ఉండబట్టే ఇంట్లో రెండో ఉద్యోగం నిలిచింది, అంతవరకు అనుకూలం. కానీ రోజూ పోయిరాలేనంత దూరంలో దారి ఇంటిని కాపాడలేదు, రెండుగా చీల్చి నడిపించింది. దారిని నమ్ముకోవడం పనికొచ్చేది అది ఒక రోజులో పోయిరాగలిగినంత ఉన్నప్పుడే.

ఈ ఎంపికంతా అందరి చేతుల్లోనూ ఉందనుకోవడమూ పొరపాటే. మంజీరా నీళ్లొస్తాయా, మెయింటెనెన్స్ ఎంత అని అడగడానికి ముందే చాలామందిని ఓనరు అడిగే ప్రశ్న వేరే ఉంటుంది: మీరేమిట్లు? బ్యాచిలర్లకు, ఒంటరి ఆడవాళ్లకు, ముస్లింలకు, దళితులకు ఫోన్లో ఖాళీగా ఉన్న ఇల్లు ఎదురుపడేసరికి ఎవరో అడ్వాన్సు ఇచ్చేసినదైపోతుంది. ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్ తదితరులు 2015లో ప్రచురించిన అధ్యయనం ఈ తిరస్కారాన్ని నమోదు చేసింది. హైదరాబాద్ భిన్నమని నమ్మడానికి కారణం లేదు. దొరికినచోట ఉండాల్సివచ్చేవాళ్లకు దారి మరింత అవసరమవుతుంది. ఒక్క కాలనీలో ఇల్లు దొరక్కపోతే అదే లైను మీద ఇంకో ఐదు స్టేషన్ల దగ్గర వెతుక్కోవచ్చు. ఆఫీసు చుట్టూ రెండు కిలోమీటర్లలో అయితే తలుపులు త్వరగానే అయిపోతాయి.

నా వాదన చేరలేని చోట్లు కూడా ఉన్నాయి. మూడు పెట్టెల మెట్రోలో పొద్దున పూట అమీర్‌పేటలో మారడం గర్భిణులకో, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకో సాధ్యం కాదు. 2025 మేలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 75 రూపాయలకు పెంచి, వెంటనే 69కి తగ్గించినా, దాని పైన రాయదుర్గంలో దిగి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు షేర్ ఆటోకో క్యాబుకో ఇచ్చేది కలిపితే హౌస్‌కీపింగ్ పనికి వెళ్లే మనిషికి అది మోయలేని ఖర్చు. ఆ చివరి నాలుగైదు కిలోమీటర్లకు కంపెనీలు సొంత బస్సులు నడిపినచోట లైను ఆఫీసుదాకా వచ్చినట్టే, నడపనిచోట రానట్టే. అందుకే ఆఫర్ లెటర్ వచ్చినవాళ్లు జీతంతోపాటు, స్టేషన్ నుంచి బస్సు ఉందా అని హెచ్‌ఆర్‌ను అడగాలి. చాలామంది మొహమాటపడి అడగరు. రాత్రి షిఫ్టులవాళ్ల సంగతి వేరు. మెట్రో చివరి రైళ్లు రాత్రి 11 గంటల ప్రాంతంలో బయల్దేరతాయి, ఆ తర్వాత కంపెనీ క్యాబే దిక్కు. క్యాబు ఫలానా కిలోమీటర్లు దాటి రాదని నియమం పెట్టుకున్న కంపెనీ అయితే, ఇల్లెక్కడో నిర్ణయించేది ఆ నియమమే.